మండల విలేకరి కథతో టీవీ డ్రామా రాయడం ఎలా?

కులం, అధికారం, పత్రికా బాధ్యత కలిసిన డ్రామా రాయాలనుంటే హైదరాబాద్ స్టూడియోల చుట్టూ తిరగక్కర్లేదు, ప్రకాశం జిల్లాలో గ్రానైట్ క్వారీల ఊరు చీమకుర్తి రండి. ఇక్కడ విలేకరి ఎవరి మీద వార్త రాశాడో, వారం తిరక్కుండా వాళ్లింటి పెళ్లికే పోయి భోంచేయాలి.

ముందు వార్తను ఎంచుకోండి, విలన్ సంగతి తర్వాత. సీజన్ మొత్తానికి ఒక్క వార్త చాలు. ఉదాహరణకి, గ్రానైట్ క్వారీలో బండ జారి ఇద్దరు కూలీలు చనిపోయారు, రికార్డుల్లోకి మాత్రం ఒక్కడి పేరే ఎక్కింది. రెండోవాడు ఒడిశా నుంచి వచ్చినవాడు. వాడి పేరు అచ్చయితే ఇంట్లోవాళ్లకి పరిహారం అడిగే దారి దొరుకుతుంది, కానీ ఆ పేరు చెప్పింది ఎవరో కూడా క్వారీలో అందరికీ తెలిసిపోతుంది. రాయాలా, ఆపాలా? ప్రతి ఎపిసోడూ ఈ ప్రశ్నను ఇంకాస్త బిగించాలి.

తర్వాత విలేకరి. ఎస్సీ కాలనీ నుంచి వచ్చిన అమ్మాయి అనుకుందాం. పెద్దవీధిలో నోట్‌బుక్ పట్టుకుని నిలబడితే "ఏ ఊరమ్మా మీది?" అంటారు, ఊరు చెప్పగానే "అక్కడ ఎవరి తాలూకు?" అంటారు. ఆ రెండో ప్రశ్నకి ఆమె ఏం చెబుతుందో, ఎంతసేపు ఆగి చెబుతుందో మొదటి ఎపిసోడ్‌లోనే చూపించండి. 1985లో దళితులపై ఊచకోత జరిగిన కారంచేడు అప్పటికి ప్రకాశం జిల్లాలోదే, కాబట్టి ఈ నేల మీద కులం ఊసెత్తకుండా కథ రాస్తే అది అబద్ధమవుతుంది.

అధికారాన్ని చూపించడానికి సుమోలు, కత్తులు వద్దు. కంట్రిబ్యూటర్లనే ఈ మండల విలేకరుల్లో చాలామందికి జీతం ఉండదు, లైన్ అకౌంట్ కింద, అంటే అచ్చయిన వార్త కొలతను బట్టి, వచ్చేది పెట్రోలుకే చాలదు, పైగా యాడ్ టార్గెట్లు. పండక్కి ఫుల్ పేజీ ఇచ్చేది ఆ క్వారీ ఓనరే. "సార్, వార్త పంపాను" అని ఆమె ఫోన్ చేస్తే అవతల నుంచి "చూశాంలేమ్మా, దసరా యాడ్ ఏమైంది?" అని వస్తుంది. అంతే, సీన్ అక్కడే కట్ చేయండి.

బాధ్యతను ఉపన్యాసాల్లో కాకుండా పనిలో చూపించాలి. ఒంగోలు మార్చురీ రిజిస్టర్‌లో పేరు సరిచూసుకోవడం, ఓనర్ వివరణ కోసం గేటు దగ్గర ఎదురుచూడటం, గనుల్లో ప్రాణం పోతే కబురందాల్సిన డీజీఎంఎస్ (గనుల భద్రత చూసే కేంద్ర సంస్థ) నెల్లూరు ఆఫీసుకి బస్సెక్కడం, ఇవన్నీ ఓపిగ్గా రాస్తే ప్రేక్షకుడు కూడా ఆమెతో పాటే టెన్షన్ పడతాడు. పత్రికల బలాన్నీ మరిచిపోవద్దు. నెల్లూరు జిల్లా దూబగుంట ఆడవాళ్ల సారా వ్యతిరేక పోరాటం పేపర్లకెక్కి రాష్ట్రమంతా పాకబట్టే కదా 1993లో సారా నిషేధం వచ్చింది!

ఎనిమిది ఎపిసోడ్లు సరిపోతాయి. ఒక్కోదానికి నాలుగు లైన్ల కథ రాసుకుని, ఆ తర్వాతే పైలట్ (మొదటి ఎపిసోడ్) స్క్రిప్ట్ మొదలుపెట్టండి. "ఉండాడు", "యాడ" లాంటి నెల్లూరు, ఒంగోలు వైపు మాటల్ని కామెడీకి వాడొద్దు, కలెక్టర్‌ని నిలదీసే సీన్‌లోనూ ఆమె అట్లాగే మాట్లాడాలి.

స్క్రిప్ట్ పూర్తయ్యాక ముందు ఒక మండల విలేకరితో, తర్వాత లాయర్‌తో చదివించండి. నిజమైన కంపెనీకి, మనిషికి దగ్గరగా ఉన్న పేర్లేమైనా ఉంటే ఛానల్‌కి పంపేలోపే మార్చేయండి, పరువు నష్టం కేసు పడితే షూటింగ్ సగంలో ఆగిపోవచ్చు.