రాత్రి ప్రయాణంలో నిద్ర ముంచుకొస్తే కారు ఎలా నడపాలి?

నడపకూడదు. ఒక్కమాటలో అయిపోయే విషయమే. కానీ కర్నూలు నుంచి బెంగళూరు ఎయిర్‌పోర్టుకు పిల్లల్ని దించడానికి బయల్దేరే ఇళ్లలో ఇది ఎవరి చెవికీ ఎక్కదు. పచ్చిమిరపకాయలు, తడి తువ్వాలు, హోరెత్తే పాటలు, పక్కన కూర్చుని గిల్లడానికి ఒక బావమరిది, అన్నీ సిద్ధం చేసుకుంటారు. మధ్యలో ఇరవై నిమిషాలు పడుకోవడానికి మాత్రం టైం లేదంటారు. ఆ ఇరవై నిమిషాలు ఎలా పడుకోవాలో చెప్పడానికే ఇది రాస్తున్నాను. మిగతావి గబగబా చెప్పేస్తా.

కావాల్సినవి: ఫ్లాస్కులో టీ లేదా కాఫీ, నీళ్లు, అలారం ఉన్న ఫోను, కళ్లద్దాలు వాడేవాళ్లయితే అవి. కారు ముందు అద్దం లోపలా బయటా తుడవండి. లోపలి వైపు మురికి ఉంటే ఎదురు లైట్లు చెదిరి కళ్లు తొందరగా అలసిపోతాయి.

1. మధ్యాహ్నం పడుకోండి

రాత్రి బండి నడిపేవాళ్లు ఆ మధ్యాహ్నం గంటన్నర పడుకోవాలి. సామాన్లు సర్దడం, అత్తగారింటికి వెళ్లి చెప్పి రావడం వేరేవాళ్లు చూసుకుంటారు. 17 గంటలు మేలుకుని ఉన్న మనిషి డ్రైవింగ్, 100 మిల్లీలీటర్ల రక్తంలో 50 మిల్లీగ్రాముల ఆల్కహాల్ ఉన్నవాడి డ్రైవింగ్‌లా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. మన చట్టం ఒప్పుకునేది 30 మిల్లీగ్రాములే. అంటే పొద్దున ఐదింటికి లేచి, పనులన్నీ చేసుకుని, రాత్రి పదింటికి స్టీరింగ్ పట్టుకున్న మనిషి చుక్క ముట్టకపోయినా ఆ గీత దాటినట్టే. బ్రీత్ ఎనలైజర్‌లో మాత్రం సున్నా వస్తుంది.

2. తక్కువ తినండి

సంగటి, నాటుకోడి పులుసు తిరుగు ప్రయాణం అయ్యాక తినొచ్చు. బయల్దేరే ముందు రెండు ఇడ్లీలు, లేదా ఒక ప్లేటు ఉగ్గాని. బజ్జీలు వద్దు.

3. మాత్రలు, మందు

జలుబు మాత్రల్లో చాలావాటిలో మత్తు తెచ్చే క్లోర్‌ఫెనిరమైన్ ఉంటుంది. అలర్జీకి వేసుకునే సిట్రిజిన్ కూడా కొందరికి బాగా మత్తు తెస్తుంది. నిద్రకో, ఆందోళనకో వేసుకునే ఆల్‌ప్రజోలమ్ లాంటివైతే మరుసటి పొద్దున కూడా వదలవు. స్ట్రిప్పు వెనక చదవండి, మెడికల్ షాపులో "బండి నడపాలి, పర్వాలేదా?" అని అడగండి. ఇన్సులిన్ గానీ, సుగర్ బాగా తగ్గించే మాత్రలు గానీ వాడేవాళ్లు బయల్దేరే ముందు చెక్ చేసుకోవాలి. 70 కంటే తక్కువుంటే ఏదైనా తీపి తిని, మామూలుకొచ్చాక ఇంకో ముప్పావు గంట ఆగాలి.

తాగి నడపకూడదని ఎవరికీ చెప్పక్కర్లేదు. చెప్పాల్సింది మరుసటి పొద్దున గురించి. రక్తంలోంచి ఆల్కహాల్ గంటకు సుమారు 15 మిల్లీగ్రాముల లెక్కన తగ్గుతుంది. పెళ్లిలో అర్ధరాత్రికి 120 దాకా తెచ్చుకున్నవాడికి పొద్దున ఆరింటికి ఇంకా 30 మిగిలే ఉంటుంది. నిమ్మరసం, మజ్జిగ, చన్నీళ్ల స్నానం ఈ లెక్కను ఒక్క గంట కూడా తగ్గించవు. దొరికితే మోటారు వాహనాల చట్టం 185 సెక్షన్ కింద మొదటిసారి పదివేల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ. నడిపే స్థితిలో లేకుండా నడిపినా 186 సెక్షన్ ఉంది. ఆ సంగతి చాలామందికి తెలియదు.

4. టైం

రాత్రి 2 నుంచి 5 మధ్య స్టీరింగ్ ముట్టొద్దు. ఇది నా రూలు, మీరూ పెట్టుకోండి. మధ్యాహ్నం ఎంత నిద్రపోయినా ఆ వేళకు ఒళ్లు తనంతట తాను పడక అడుగుతుంది. పొద్దున ఏడింటికి ఫ్లైట్ ఉంటే చాలామంది రాత్రి పన్నెండున్నరకు బయల్దేరుతారు. సరిగ్గా తప్పు టైం. ఎనిమిదింటికే బయల్దేరి ఒకటిన్నర, రెండుకల్లా చేరుకోండి. తెల్లవారేదాకా ఎయిర్‌పోర్టు కుర్చీల్లో నడుము పట్టేస్తే పట్టేసింది.

5. కునుకు

అసలు పని ఇది. దీన్నే అందరూ పాడుచేస్తారు.

ముందు గుర్తుపట్టాలి. ఆవలింతల కోసం కూర్చుంటే ఆలస్యమైపోతుంది. పామిడి దాటామా లేదా గుర్తు రావట్లేదంటే, తొంభైలో వెళ్తున్న బండి మీకు తెలియకుండానే డెబ్బైకి పడిపోయిందంటే, ఎదురు బండికి డిమ్ కొట్టడం మర్చిపోతున్నారంటే, స్టీరింగ్ మీద వేళ్లు వదులై అరచెయ్యి ఊరికే ఆనించి ఉందంటే, అప్పటికే మెదడు మధ్యమధ్యలో కొన్ని సెకన్లు ఆరిపోతోందన్నమాట. కళ్లు తెరిచే ఉండొచ్చు. గంటకు 90 కిలోమీటర్ల వేగంలో నాలుగు సెకన్లంటే వంద మీటర్లు. ఆ వంద మీటర్లలో టెయిల్ లైటు లేకుండా ఆగిన లారీ ఉంటే ఏమవుతుందో హైవే మీద తిరిగేవాళ్లకు తెలుసు.

అందుకే రోడ్డు పక్కన షోల్డర్ మీద ఆపి పడుకోవద్దు. మీలాగే తూగుతూ వచ్చేవాడు నేరుగా మీ టెయిల్ లైట్ల మీదకే వస్తాడు. వెలుతురున్న పెట్రోల్ బంకు, దాబా, లేదా టోల్ ప్లాజా దాటాక ఉండే పార్కింగ్ చూసుకోండి. 44వ నంబర్ హైవే మీద కర్నూలు నుంచి వెళ్తుంటే అమకతాడు, కాసేపల్లి, మరూరు, బాగేపల్లి టోల్‌గేట్లు వరుసగా వస్తాయి. వీటిలో ఒకదాన్ని ఇంట్లోనే అనుకుని పెట్టుకోండి, నిద్ర వచ్చినా రాకపోయినా అక్కడ ఆగండి. రాయచోటి వైపు నుంచి కడపకు వచ్చేవాళ్లు గువ్వలచెరువులోనే ఆగాలి, ఘాట్ దిగాక చూద్దాంలే అనుకోవద్దు. పగలైతే పాలకోవా కోసం ఎలాగూ ఆగుతారు.

ఆపాక టీ ముందు తాగండి, తర్వాత పడుకోండి. ఇక్కడే అందరూ నాతో వాదనకు దిగుతారు, "టీ తాగితే నిద్రెలా పడుతుంది?" అని. కెఫీన్ పనిచేయడానికి ఇరవై, ముప్పై నిమిషాలు పడుతుంది. ఐదు నిమిషాల్లో గ్లాసు ఖాళీ చేసి కళ్లు మూసుకుంటే, మీరు లేచేసరికి అది పని మొదలుపెడుతుంది. లేచాక తాగితే ఆ అరగంటా మళ్లీ తూగుతూనే నడుపుతారు. కాఫీలో కెఫీన్ ఎక్కువ, దానికే నా ఓటు. నురగ కోసం మూడుసార్లు తిరగబోసి నిదానంగా తాగే పని ఇంట్లో పెట్టుకోండి.

ఇంజిన్ ఆపి, తాళం తీసేయండి. ఏసీ వేసుకుని అద్దాలన్నీ బిగించి పడుకుంటే ఎగ్జాస్ట్ ఎక్కడైనా లీకై కార్బన్ మోనాక్సైడ్ లోపలికి రావచ్చు. దానికి వాసన ఉండదు. ఎండాకాలం మన వైపు రాత్రి కూడా ఉక్కపోస్తుంది, నిజమే. అద్దాలు రెండు వేళ్లు పట్టేంత దించి, గాలి తగిలే చోట పెట్టుకోండి, డోర్లు లాక్ చేసుకోండి. సీటు వెనక్కి వాల్చండి. అలారం ఇరవై నిమిషాలకు పెట్టి ఫోను డ్యాష్‌బోర్డు మీద, చెయ్యి చాస్తే గానీ అందని చోట ఉంచండి. ఒళ్లో ఉంటే నిద్రలోనే నొక్కేస్తారు.

ఇరవై నిమిషాలు దాటనివ్వొద్దు. నలభై, యాభై పడుకుంటే గాఢనిద్ర మధ్యలో లేస్తారు, తల దిమ్ముగా ఉంటుంది. ఎక్కువ కావాలనిపిస్తే గంటన్నర పూర్తిగా పడుకోండి. నిద్ర పట్టకపోయినా పర్వాలేదు, కళ్లు మూసుకుని కదలకుండా ఉండండి. ఫోను మాత్రం చూడొద్దు.

అలారం మోగగానే తాళం తిప్పేవాళ్లను చూస్తే నాకు ఒళ్లు మండుతుంది. లేచిన మొదటి పది, పదిహేను నిమిషాలు మెదడు ఇంకా నిద్రలోనే ఉంటుంది. దిగండి. మొహం కడుక్కోండి. బండి చుట్టూ నడుస్తూ టైర్లు చూసుకోండి. మీ ఊరి పేరు, మీ ఫోన్ నంబరు తడుముకోకుండా చెప్పగలిగితే బయల్దేరండి.

ఇక ఆ మిరపకాయల సంగతి. నోరు మండుతున్నంతసేపు మెలకువగా ఉన్నట్టనిపిస్తుంది, ఆకలికి నీళ్లు తాగినట్టు. అద్దం దించడం, పాటలు, గుట్కా అంతే. నిద్ర తగ్గదు, తగ్గిందన్న ధీమా మాత్రం వస్తుంది.

డ్రైవర్‌ను పెట్టుకుని వెళ్తుంటే

"ఇంకో గంటే కదా అన్నా, పోనియ్" అనకండి. ఆ మాట విన్నాక నిద్రొస్తోందని చెప్పడానికి ఏ డ్రైవరైనా మొహమాటపడతాడు. ఎక్కగానే మీరే చెప్పండి: "అన్నా, గుత్తి దాటాక ఒక అర్ధగంట ఆగుదాం, మాకేం తొందర లేదు." ఐదు గంటల పనికి మించకుండా కనీసం అర్ధగంట విరామం ఇవ్వాలని, 2025లో కొత్త కార్మిక కోడ్ వచ్చేదాకా అమల్లో ఉన్న 1961 నాటి మోటారు ట్రాన్స్‌పోర్టు కార్మికుల చట్టమే చెప్పింది. ముందు సీట్లో కూర్చునేవాళ్లు నిద్రపోవద్దు, పోవాలంటే వెనక కూర్చోండి.

రెండోసారి వస్తే

ఒక కునుకు మహా అయితే గంట, రెండు గంటలు లాగుతుంది. మళ్లీ తూగు వస్తే ఇంకో టీ, ఇంకో ఇరవై నిమిషాలు అని లెక్కలు వేయొద్దు. తర్వాత వచ్చే ఊళ్లో, అది అనంతపురమో పెనుకొండో, లాడ్జి తీసుకుని పడుకోండి. ఫ్లైట్ ఎక్కేవాళ్లకు బస్సో ట్యాక్సీనో చూసి పంపేయండి. బండే మొరాయించి రోడ్డు మీద ఆగిపోతే మాత్రం హజార్డ్ లైట్లు వేసి, అందరినీ దించి రెయిలింగ్ అవతల నిలబెట్టి, 1033కి ఫోన్ చేయండి. అది నేషనల్ హైవేల హెల్ప్‌లైన్, రాత్రి కూడా ఎత్తుతారు.