లింకు పంపితేనే పంచుకున్నట్టు

సైకిల్ గొలుసు బిగించే పద్ధతి మీద నేను తీసిన వీడియోను ఒకాయన దింపుకుని, చివర ఉన్న నా పేరు కత్తిరించి, తన ఛానెల్లో పెట్టుకున్నారు. కింద ‘అందరికీ ఉపయోగపడాలని పంచుకుంటున్నాను’ అని రాశారు కూడా! దాన్ని ఎత్తుకుపోవడం అంటారు.

వీడియో నచ్చితే షేర్ బటన్ నొక్కి లింకు పంపండి. చూసినవారి లెక్క తీసినవారికే చేరుతుంది. తప్పు దొర్లిందని వారు వీడియోను తొలగిస్తే పాత కాపీ మీ పేరుతో తిరగదు. పొడవైన వీడియో అయితే, యూట్యూబ్ షేర్ పెట్టెలో ఎక్కడి నుంచి మొదలవ్వాలో ఎంచుకోవచ్చు. గొలుసు సంగతి 4:10 దగ్గర ఉంటే అక్కడి నుంచే పంపండి. ఎందుకు పంపుతున్నారో ఒక్క వాక్యం జోడించండి. ఉత్త లింకును నేనైతే తెరవను.

మళ్లీ అప్‌లోడ్ చేయాలనుకుంటే వివరణలో లైసెన్సు చూడండి. క్రియేటివ్ కామన్స్ అట్రిబ్యూషన్ అని ఉంటే తీసినవారి పేరు, మూల లింకు, ఆ లైసెన్సు, మీరు చేసిన మార్పులు చెప్పి వాడుకోవచ్చు. లేదంటే అనుమతి అడగండి. ‘హక్కులు నావి కావు’ అని రాసుకున్నంత మాత్రాన అనుమతి దొరికినట్టు కాదు.

‘మీరు నాకు సబ్‌స్క్రైబ్ చేయండి, నేను మీకు చేస్తాను’ అనే బేరాన్ని యూట్యూబ్ నిబంధనలే ఒప్పుకోవు. అలాంటి సందేశాలకు నేను జవాబివ్వను.