ఫ్యాక్టరీ నీళ్లు పారిన చోట శాంపిల్ ఎలా తీయాలి

నేను ల్యాబ్‌లో లోహాల పరీక్షలు చేస్తాను. ఫ్యాక్టరీ వ్యర్థాల మీద అనుమానంతో జనం తెచ్చే శాంపిళ్లు కొన్ని చూస్తే ప్రాణం ఉసూరుమంటుంది. కూల్‌డ్రింక్ సీసాలో నీళ్లు, ఎక్కడ తవ్వారో రాయని మట్టి పొట్లం. మెషీన్ ఏదో ఒక అంకె ఇస్తుంది. ఆ అంకె పట్టుకుని ఎవరినీ నిలదీయలేరు.

రంగు, వాసన చూసి లోహాల సంగతి తేల్చలేం. నురగలు కక్కే కాలువలో సీసం లేకపోవచ్చు, తేటగా ఉన్న బోరు నీళ్లలో ఆర్సెనిక్ ఉండొచ్చు. నీళ్లలో కరిగిన లవణాలన్నీ కలిపి ఎంతో చూపే టీడీఎస్ మీటరునూ నమ్ముకోకండి. తాగే నీటిలో సీసానికి ప్రపంచ ఆరోగ్య సంస్థ పెట్టిన హద్దు లీటరుకు 0.01 మిల్లీగ్రాములు, వందల్లో చూపించే ఆ మీటరుకి అంత చిన్న మొత్తం ఆనదు. నీళ్లు కాచినా లాభం లేదు, లోహం ఇంకాస్త చిక్కబడుతుంది.

నన్నడిగితే ముందు తీయాల్సింది కాలువ అడుగు బురద. వ్యర్థాలు రాత్రి వదిలితే తెల్లారేసరికి ఆ నీళ్లు వెళ్లిపోతాయి. లోహం మాత్రం మెత్తటి రేణువులకు అంటుకుని అడుగున ఉండిపోతుంది. జపాన్‌లో పాదరసం విషం వల్ల వచ్చిన మినమాటా వ్యాధిని 1956లో అధికారికంగా గుర్తించారు. ఫ్యాక్టరీ వదిలిన పాదరసం సముద్రపు అడుగు బురదలోనూ, చేపల్లోనూ పేరుకుపోయింది. కాబట్టి వ్యర్థాల పైపు కలిసే చోటికి దిగువన, నీటి వేగం తగ్గే మలుపుల దగ్గర, రెండు మూడు చోట్ల పైపొర బురద తీయండి. చేతికి గ్లవ్స్ ఉండాలి, కాలువలోకి దిగొద్దు.

పైపుకి ఎగువన కూడా ఒక శాంపిల్ తప్పనిసరి. అది లేకపోతే ‘ఇక్కడి నేల స్వభావమే అంత’ అనేస్తారు. అది ప్రతిసారీ బుకాయింపు కూడా కాదు; కొన్ని రకాల రాళ్ల నుంచి ఏర్పడిన నేలల్లో క్రోమియం, నికెల్ సహజంగానే ఎక్కువ. పొలం మట్టికీ అంతే, ఆ నీళ్లు ఎక్కని అదే రకం నేల నుంచి ఒకటి విడిగా తీయండి.

పొలంలో పదిహేను సెంటీమీటర్ల లోతు వరకు, పది పదిహేను చోట్ల తీసి కలపండి. కాలువ గట్టు పక్క మట్టిని మాత్రం ఇందులో కలపకుండా విడిగా ఉంచండి. జింకు పూత బకెట్, రంగు వేసిన పార వాడితే వాటి లోహమే మట్టిలోకి వస్తుంది. స్టీలు తాపీ, ప్లాస్టిక్ బకెట్ మేలు. నీడలో ఆరబెట్టండి, వేడి చేస్తే పాదరసం ఎగిరిపోతుంది.

నీళ్లకి సీసాలు ల్యాబ్ నుంచే తీసుకోండి. లోహం సీసా గోడలకు పట్టకుండా వాటిలో నైట్రిక్ యాసిడ్ వేసి ఇస్తాం. శుభ్రం చేద్దామని కడిగితే అది పోతుంది. అంచుదాకా నింపి పొర్లించినా పోతుంది. పాదరసానికి, హెక్సావేలెంట్ క్రోమియంకి (క్రోమియంలో ఎక్కువ విషపూరితమైన రూపం) పద్ధతి వేరు, ముందే చెప్పి వేరే సీసాలు అడగండి. బోరు అయితే పైపుల్లో నిలిచిన నీళ్లు పోయేదాకా వదిలి అప్పుడు పట్టండి. చోటు, తేదీ, సమయం అక్కడికక్కడే సీసా మీద రాసి ఫొటో తీయండి.

శాంపిల్ ఇచ్చేటప్పుడు ఒక ప్రశ్న అడగండి: మీ మెషీన్ ఎంత తక్కువ దాకా పట్టగలదు? లీటరుకు 0.05 మిల్లీగ్రాముల కంటే తక్కువ సీసాన్ని పట్టలేని చోట ‘కనబడలేదు’ అని రాసిచ్చినా, ఆ నీళ్లు హద్దుకి నాలుగు రెట్లు పైన ఉండొచ్చు.

రిపోర్టు వచ్చేదాకా ఆ నీళ్లు తాగొద్దు, వంటకీ వాడొద్దు. ఆ నేలలో ఆకుకూరలు వేయొద్దు. కాడ్మియాన్ని అవి బాగా పీల్చుకుంటాయి. తొందరపడి సున్నం కూడా చల్లకండి. ఆమ్ల నేలలో కాడ్మియాన్ని అది కట్టిపడేస్తుంది, నిజమే. కానీ ఉన్నది ఆర్సెనిక్ అయితే దాన్ని ఇంకా కదిలించే ప్రమాదం ఉంది.