కాంటాక్ట్ లెన్స్ పెట్టుకునేవారు కంటి మేకప్ ఎలా వేసుకోవాలి?

పెట్టుకునేటప్పుడు ముందు లెన్స్, తర్వాత మేకప్. తీసేటప్పుడు కూడా ముందు లెన్సే, తర్వాత మేకప్. ఫంక్షన్‌కి హడావిడిగా తయారయ్యేటప్పుడు సరిగ్గా ఈ వరసే తప్పుతుంది. కంటి తిప్పలు చాలావరకు అక్కడే మొదలవుతాయి.

1. చేతులు, లెన్స్

హెయిర్ స్ప్రే, డియోడరెంట్ వాడేవుంటే లెన్స్ ముట్టుకోకముందే కొట్టేసుకోండి. క్రీమ్, నూనె కలవని మామూలు సబ్బుతో చేతులు కడుక్కుని, పోగులు రాలని బట్టతో పూర్తిగా తుడుచుకోండి. తడి వేలితో లెన్స్ పట్టుకోకూడదు. కుళాయి నీళ్లు హైదరాబాద్‌కు వచ్చే మంజీరా నదివైనా, బోరువైనా, ఫిల్టర్ పట్టినవైనా వాటిలో అకాంతమీబా అనే సూక్ష్మజీవి ఉండే వీలుంది. తాగితే ఏమీ చేయని ఆ జీవి లెన్స్ కింద చిక్కితే కార్నియాను, అంటే నల్లగుడ్డు మీది పారదర్శక పొరను, దెబ్బతీస్తుంది. అందుకే లెన్స్‌నైనా, లెన్స్ కేస్‌నైనా లెన్స్ శుభ్రం చేసే సొల్యూషన్‌తో మాత్రమే కడగాలి.

వేలి కొనమీద లెన్స్ గిన్నెలా నిలబడితే సరైన వైపు ఉన్నట్టు. అంచులు బయటికి విచ్చుకున్నట్టుంటే తిరగబడిందని అర్థం. పెట్టుకున్నాక చూపు తేటగా ఉంటేనే మేకప్ మొదలుపెట్టండి.

2. కాటుక ఎక్కడ ఆగాలి

మన దగ్గర అసలు పేచీ ఇదే. రెప్ప వెంట్రుకలకు లోపలి పక్కన తడిగా మెరిసే సన్నటి అంచును వాటర్‌లైన్ అంటారు. మైబోమియన్ గ్రంథుల నోళ్లు అక్కడే వరసగా ఉంటాయి. అవి వదిలే నూనె కన్నీటి పొర మీద పరుచుకుని, అది ఆవిరి కాకుండా కాపాడుతుంది. అక్కడ కాటుక పెడితే ఆ నోళ్లు పూడుకుపోతాయి. పైగా రెప్ప వేసిన ప్రతిసారీ కాటుక కొంచెం కొంచెంగా కన్నీటిలో కలిసి, లెన్స్ మీద జిడ్డు తెరలా పేరుకుంటుంది. సాయంత్రానికి చూపు మసకబారి, కళ్లు పొడిబారి మండుతాయి. ఏప్రిల్, మే ఎండల్లో బండి మీద తిరిగేవాళ్లకూ, రోజంతా ఏసీలో కూర్చునేవాళ్లకూ ఇది ఇంకా తొందరగా జరుగుతుంది.

కాబట్టి పెన్సిల్‌తో వెంట్రుకల వరసకు బయటి పక్కనే, ఒక మిల్లీమీటరు ఎడంగా గీయండి. గీసే ముందు ప్రతిసారీ పెన్సిల్ చెక్కండి. ఆముదం దీపపు మసితో ఇంట్లో చేసిన కాటుక ఎంత శ్రద్ధగా చేసినా నూనె, మసే కదా, లెన్స్ ఉన్న కంటికి వద్దు. పాతబస్తీలో దొరికే సుర్మా జోలికి అసలే వెళ్లవద్దు. సంప్రదాయ సుర్మాలో సీసం సల్ఫైడ్ ఉండటం మామూలే, పైగా ఆ పొడి లెన్స్ కింద చేరి గీరుతుంది.

3. ఐషాడో, మస్కారా

పొడి ఐషాడో రాలుతుంది, గ్లిటర్ అంతకన్నా ఎక్కువగా రాలుతుంది. నీటి ఆధారిత క్రీమ్ ఐషాడో మేలు. పొడే వాడాల్సి వస్తే బ్రష్ దులిపి, కన్ను మూసి అద్దండి. మస్కారా వెంట్రుకల మధ్య నుంచి కొనల దాకా పూస్తే చాలు, మొదళ్ల జోలి వద్దు. పోగులు కలిపిన మస్కారా వద్దు. వాటర్‌ప్రూఫ్ రకాన్ని తీయాలంటే నూనె ఉన్న రిమూవర్ కావాలి, అదీ లెన్స్‌కు పడదు. ఎండిపోయిన మస్కారాలో నీళ్లు కలపకండి. తెరిచిన మూడు నెలలకు పారేయండి. అక్కాచెల్లెళ్ల మధ్యయినా పంచుకోవద్దు.

4. పెళ్లికూతురికి

వీలుంటే ఆ రోజుకు ఒక్కరోజు వాడి పారేసే డైలీ డిస్పోజబుల్ లెన్స్ తీసుకోండి, అదనంగా ఒక జత, కళ్లద్దాలు తోడుపెళ్లికూతురి దగ్గర ఉంచండి. తలంబ్రాల పసుపు చేతికి అంటుకుంటుంది, ఆ చేత్తో కళ్లు తుడుచుకోకూడదు. తెల్లవారుజాము ముహూర్తమైతే మధ్యలో కునుకు తీసే ముందు లెన్స్ తీసేయాలి. పార్లర్‌లో ఇచ్చే కలర్ లెన్స్ పవర్ లేనిదైనా సరే, కళ్లు పరీక్షించే ఆప్టోమెట్రిస్ట్ మీ కంటి వంపు కొలిచి చెప్పకుండా పెట్టుకోవద్దు. ఇంకొకరు వాడినదైతే అసలే వద్దు.

5. లెన్స్‌కు మేకప్ అంటితే

చుక్కల మందు వేసి కడిగేద్దామని చూడకండి. బయటికి తీసి, అరచేతిలో సొల్యూషన్ పోసి, ఒక్కో వైపు దాదాపు 20 సెకన్లు వేలితో మెల్లగా రుద్ది, మళ్లీ సొల్యూషన్‌తోనే కడగండి. డైలీ లెన్స్ అయితే పారేసి కొత్తది పెట్టుకోవడమే.

6. రాత్రి ఇంటికొచ్చాక

చేతులు కడుక్కుని లెన్స్ తీసి, శుభ్రం చేసి, కేస్‌లో కొత్త సొల్యూషన్ పోయండి. నిన్నటిదాని మీద పోస్తే క్రిములను చంపే శక్తి తగ్గుతుంది. తర్వాతే దూదితో, నూనె లేని రిమూవర్‌తో మేకప్ తుడవండి. కేస్ కూడా మూడు నెలలకోసారి మార్చాలి.

కన్ను ఎర్రబడి నొప్పి పెడుతున్నా, వెలుతురు చూడలేకపోతున్నా, లెన్స్ తీశాక కూడా మసకగానే ఉన్నా ఇంట్లో ఉన్న చుక్కలు వేసుకుని ఆగకండి. ఆ రోజే హైదరాబాద్‌లో అయితే మెహిదీపట్నం సరోజినీ దేవి కంటి ఆసుపత్రికో, బంజారాహిల్స్ ఎల్.వి. ప్రసాద్ కంటి ఆసుపత్రికో, లేదా దగ్గర్లోని కంటి డాక్టరు దగ్గరికో వెళ్లండి. లెన్స్‌నూ కేస్‌నూ పారేయకుండా వెంట తీసుకెళ్లండి, ఏ క్రిమి చేరిందో తేల్చే పరీక్షకు అవి పనికొస్తాయి.