రైల్వే గేటు పక్కన చౌరస్తా: చిక్కు ఎక్కడ పడుతుంది, ఎలా విప్పాలి

కాజీపేట నుంచి బల్లార్షా వైపు వెళ్లే రైలు మార్గం వెంట జమ్మికుంట, పెద్దపల్లి, రామగుండం, మంచిర్యాల ప్రాంతాల్లో తిరిగేవారికి ఒక అమరిక బాగా పరిచయం. పట్టాల పక్కనే వాటితో పాటు సాగే పెద్ద రోడ్డు ఒకటి ఉంటుంది. ఊళ్లోంచి గేటు దాటి వచ్చి ఆ పెద్ద రోడ్డులో కలిసే చిన్న రోడ్డు మరొకటి. పట్టాలకూ పెద్ద రోడ్డుకూ నడుమ ఒక లారీ సరిగా నిలవడానికి కూడా చాలని జాగా. సింగరేణి బొగ్గు, కరీంనగర్ గ్రానైట్, రైసు మిల్లులకు వడ్లు, వరంగల్ ఎనుమాముల మార్కెట్‌కు పత్తి, మక్కలు అన్నీ ఇలాంటి చోట్ల దాటుకునే పోవాలి. అదే పట్టాల మీద ఢిల్లీ–చెన్నై ప్రధాన మార్గపు రైళ్లు కూడా నడుస్తాయి.

గేటు దగ్గర ఇబ్బంది వస్తే అందరి వేలూ గేట్‌మన్ వైపే చూపిస్తుంది. రోడ్ల పనుల్లో గడిపిన ఏళ్లలో నేను చూసినంతవరకు, ఇబ్బంది కనిపించేది గేటు దగ్గరే అయినా దాని మూలం చాలాసార్లు అవతలి చౌరస్తాలో ఉంటుంది. అందుకే సర్పంచులు, మిల్లుల యజమానులు, లారీ సంఘాలవారు, కొత్తగా ఉద్యోగంలో చేరిన ఇంజినీర్లు ముందుగా ఒక టేపు పట్టుకుని వెళ్లి, గేటు అడ్డకర్ర నుంచి పెద్ద రోడ్డు అంచు వరకు ఎన్ని మీటర్లు ఉందో కొలవాలని కోరుతున్నాను. కింద రాసిన వాటిలో సగానికి పైగా ఆ ఒక్క అంకె మీదే ఆధారపడి ఉన్నాయి.

లక్షణం: లారీ తల చౌరస్తాలో, తోక పట్టాల మీద

అన్నింటిలోకీ ప్రమాదకరమైనది ఇదే కాబట్టి దీనికి ఎక్కువ చోటు ఇస్తున్నాను.

ఒక యాసంగి కోతల కాలంలో ఇలాంటి ఒక గేటు దగ్గర నేను కొలతలు తీస్తున్నాను. అడ్డకర్ర నుంచి పెద్ద రోడ్డు అంచుకు 19 మీటర్లు వచ్చింది. అంతలో వడ్ల బస్తాలతో ఒక ట్రాక్టరు గేటు దాటి వచ్చి, పెద్ద రోడ్డు మీద బస్సులు తెరపి ఇవ్వక ఆగిపోయింది. దాని వెనకే గ్రానైట్ బండతో ఒక ట్రెయిలర్ వచ్చింది. ట్రాక్టరూ ట్రాలీ కలిసి 9 మీటర్లు, మధ్య ఖాళీ ఒక మీటరు, ట్రెయిలర్ 17 మీటర్లు. లెక్క కట్టడానికి కాగితం అవసరం లేదు, 8 మీటర్ల తోక గేటు లోపలే ఉండిపోయింది. స్టేషన్ నుంచి గంట మోగింది. గేట్‌మన్ హ్యాండిల్ మీద చెయ్యి వేసి నిలబడ్డాడు కానీ కర్ర దించలేడు. గేటు పడి తాళం బిగిస్తే తప్ప రైలుకు సిగ్నల్ రాదు కాబట్టి బొగ్గు బండి దూరంగా ఆగిపోయింది. ఆ రోజు ప్రాణాలు దక్కింది గేటుకూ సిగ్నల్‌కూ ఉన్న ఆ ముడి వల్లే. ఆ ముడి లేని గేట్లు ఇంకా ఉన్నాయి, అక్కడ భారమంతా గేట్‌మన్‌కూ స్టేషన్ మాస్టర్‌కూ మధ్య జరిగే ఫోన్ మాట మీదే ఉంటుంది.

ఇక్కడ కారణం డ్రైవర్ తొందరపాటు ఒక్కటే కాదు. నేను చూసిన చాలా చోట్ల, గేటు రోడ్డు పెద్ద రోడ్డులో కలిసే అంచు దగ్గరే స్పీడ్ బ్రేకర్ వేసి ఉంటుంది. మంచి ఉద్దేశంతో వేసినదే. కానీ అది ప్రతి బండినీ, వెనక చక్రాలు పట్టాల మీద ఉన్న సరిగ్గా ఆ క్షణంలోనే నెమ్మదింపజేస్తుంది. దీనికి తోడు మూల ఇరుకుగా ఉంటే పెద్ద ట్రెయిలర్ ఒక్క తిప్పులో తిరగలేక వెనక్కి రావాలి, వెనక ఉన్నవి పట్టాలు.

పరిష్కారాల్లో అన్నిటికంటే చవకైనదానితో మొదలుపెట్టాలి. గేటు అంచు దగ్గరి స్పీడ్ బ్రేకర్‌ను తీసివేసి, పెద్ద రోడ్డు మీద చౌరస్తాకు ఇరువైపులా వేగం తగ్గించే పట్టీలు వేయాలి. గేటు నుంచి వచ్చే బండి ఆగకుండా బయటపడాలి, ఆగవలసింది పెద్ద రోడ్డు మీది బండి. ఇది అలవాటుకు విరుద్ధం కాబట్టి బోర్డులు, గీతలతో పాటు కొన్ని వారాలు పోలీసు కానిస్టేబుల్‌ను కూడా నిలబెట్టవలసి వస్తుంది. పట్టాలకు ఇరువైపులా, రెండు అడ్డకర్రల నడుమ జాగా అంతటా పసుపు గళ్ల గీతలు వేసి, గేటుకు ముందే ఆగే గీత గీసి, ‘అవతల మీ బండి పట్టేంత ఖాళీ ఉంటేనే పట్టాలు దాటండి’ అని తెలుగులో పెద్ద అక్షరాలతో రాయించాలి. లారీ డ్రైవర్లలో ఇతర రాష్ట్రాలవారు ఎక్కువ కాబట్టి హిందీలోనూ రాయించడం మంచిది.

ఆ తర్వాత మూల సంగతి చూడాలి. ఎడమకు తిరిగే చోట మూలను గుండ్రంగా వెడల్పు చేసి, అడ్డం వచ్చే కరెంటు స్తంభాన్నీ బస్టాపునూ జరిపిస్తే ట్రెయిలర్ ఒక్క ఊపులో బయటపడుతుంది. జాగా మరీ తక్కువ ఉన్న చోట పొడవాటి బండ్లకు కుడి మలుపు నిషేధించి, ఎడమకే వెళ్లి కొంత దూరాన తిరిగి వచ్చే ఏర్పాటు చేయాలి. భూమి దొరికితే మాత్రం అసలు మందు వేరే ఉంది: గేటు రోడ్డును పెద్ద రోడ్డు పక్కనే కొంత దూరం నడిపించి, 60 మీటర్లో 80 మీటర్లో అవతల కలపాలి. అలా చేస్తే రెండు ట్రెయిలర్లు ఒకదాని వెనక ఒకటి నిలిచినా పట్టాలు ఖాళీగానే ఉంటాయి.

చౌరస్తాలో ట్రాఫిక్ సిగ్నల్ పెట్టాలనుకునే పట్టణాలకు ఒక హెచ్చరిక. 1995 అక్టోబర్ 25న అమెరికాలోని ఇల్లినాయిస్ రాష్ట్రంలో ఫాక్స్ రివర్ గ్రోవ్ అనే ఊరిలో, ఎర్రలైటు దగ్గర ఆగిన ఒక స్కూలు బస్సు వెనక భాగం పట్టాల మీదకు ఉండిపోయి, రైలు తగిలి ఏడుగురు విద్యార్థులు చనిపోయారు. బస్సు ముందుకు కదలడానికి సరిపోయేంత ముందుగా పచ్చలైటు రాలేదు. అక్కడి ప్రమాణాల ప్రకారం పట్టాలకు 200 అడుగుల లోపు, అంటే సుమారు 60 మీటర్ల లోపు, ట్రాఫిక్ సిగ్నల్ ఉంటే దాన్ని రైలు రాకతో అనుసంధానించాలి. రైలు వస్తోందనగానే మొదట గేటు రోడ్డుకు పచ్చలైటు వెలిగి పట్టాలు ఖాళీ కావాలి, ఆ తర్వాతే గేటు వైపు తిరిగే దారులకు ఎర్రలైటు పడి అలాగే నిలవాలి. ఈ ముడి వేయకుండా మన దగ్గర గేటు పక్కన సిగ్నల్ స్తంభం నాటడం కంటే, అసలు సిగ్నల్ లేకుండా ఉండడమే మేలు.

లక్షణం: గేటు లేచినా ఎవరూ కదలరు

గేటు పడగానే ద్విచక్ర వాహనాలు, ఆటోలు కుడివైపు ఖాళీని కూడా నింపేస్తాయి. అవతలి వైపూ అదే జరుగుతుంది. గేటు లేచేసరికి రెండు గుంపులు పట్టాల నడుమ ఎదురెదురుగా నిలబడతాయి. ఆ ముడి విడేలోపే మరో రైలు సమయం అవుతుంది.

దీనికి మందు రోడ్డు మధ్యలో విభజన. గేటుకు ఇరువైపులా 30 నుంచి 50 మీటర్ల మేర సిమెంటు దిమ్మెలో, వంగినా విరగని ప్లాస్టిక్ స్తంభాలో వరుసగా పెడితే కుడివైపు దూరడం చాలా వరకు ఆగిపోతుంది. అయితే రోడ్డు వెడల్పు చాలని చోట విభజన పెడితే లారీలే ఇరుక్కుంటాయి కాబట్టి, ముందు అంచులను గట్టిపరచి వెడల్పు చేయాలి. గేటు దగ్గర ఆగే జనాన్ని నమ్ముకుని బతికే పల్లీల బండ్లు, జామకాయల బుట్టలు ఆ అంచు మీదే ఉంటాయి. వాళ్లను తరిమివేయడం న్యాయం కాదు. చౌరస్తాకు అవతల చోటు చూపించి జరిపించాలి.

లక్షణం: లోబెడ్ బండి కడుపు పట్టాలకు తగిలి ఆగిపోతుంది

పట్టాల కింద కంకర వేసి బిగించిన ప్రతిసారీ పట్టాలు కొద్దికొద్దిగా పైకి లేస్తాయి. రోడ్డు మాత్రం ఎక్కడిదక్కడే ఉంటుంది. కొన్నేళ్లకు గేటు ఒక దిబ్బలా తయారవుతుంది. అదనపు లైను వేసిన చోట కొత్త పట్టాల మట్టం పాత వాటితో సమానంగా లేకపోతే ఒకటికి రెండు దిబ్బలు. పట్టాలు వంపులో ఉంటే ఒక పట్టా రెండోదానికంటే ఎత్తుగా ఉంటుంది కాబట్టి ఇంకా కష్టం. చక్రాల నడుమ దూరం ఎక్కువగా, కడుపు నేలకు దగ్గరగా ఉండే లోబెడ్ ట్రెయిలర్లు, పొక్లెయిన్లు మోసే బండ్లు ఇక్కడే ఇరుక్కుంటాయి.

పరీక్షించడానికి ఒక దారం చాలు. గేట్‌మన్‌కు చెప్పి, రైలు లేదని అతడు అన్నాకే, లోబెడ్ ముందు వెనక చక్రాల మధ్య ఉండేంత పొడవు దారాన్ని రోడ్డు మీద నుంచి పట్టాల మీదుగా బిగించి పట్టుకుంటే దిబ్బ ఎంత పొడుచుకు వచ్చిందో కంటికే కనిపిస్తుంది. పరిష్కారం పట్టాల దగ్గర కాదు, రోడ్డు దగ్గర ఉంది. గేటుకు రెండు వైపులా కొంత దూరం రోడ్డును పట్టాల మట్టానికి లేపి చదునుగా ఉంచి, ఆ తర్వాతే నెమ్మదిగా దించాలి. రెండు అడ్డకర్రల నడుమ రోడ్డు రైల్వేది, బయటిది రోడ్లు భవనాల శాఖది లేదా పంచాయతీరాజ్‌ది లేదా మున్సిపాలిటీది. పట్టాలు లేపిన వారం లోపలే బయటి రోడ్డునూ లేపకపోతే ఆ పని ఏళ్ల తరబడి ఎవరికీ చెందకుండా పోతుంది.

బండి ఇరుక్కుపోతే ఏం చేయాలో డ్రైవర్లందరికీ తెలిసి ఉండాలి. బరువు మీద ఉన్న గూడ్సు బండి బ్రేకు వేసినా ఆగడానికి కిలోమీటరు దూరం పట్టవచ్చు. కాబట్టి ముందు మనుషులు దిగి దూరం పోవాలి, బండిని గుంజే ప్రయత్నం తర్వాత. గేట్‌మన్‌కు చెబితే అతడు సిగ్నల్‌ను ప్రమాద స్థితిలో పెట్టి, స్టేషన్‌కు తెలిపి, ఎర్రజెండాతో పరుగెత్తి 600 మీటర్ల దగ్గర ఒకటి, 1,200 మీటర్ల దగ్గర మూడు పటాసులు (చక్రం కింద పేలి రైలు డ్రైవర్‌ను హెచ్చరించేవి) పట్టాల మీద అమర్చాలి. అతడు అందుబాటులో లేకపోతే రైల్వే సహాయ నంబరు 139కి ఫోన్ చేయాలి. పైన ఉన్న తీగలో 25 వేల వోల్టుల కరెంటు ఉంటుంది కాబట్టి, సరుకు సర్దడానికని ఎవరూ లారీ పైకి ఎక్కకూడదు.

లక్షణం: వరుస తోక పెద్ద రోడ్డు మీదకు వస్తుంది

ఇది మొదటి లక్షణానికి తిరగేసిన రూపం. గేటు పడినప్పుడు గేటు వైపు తిరగవలసిన బండ్లు పెద్ద రోడ్డు మీదే నిలిచిపోతాయి. వెనక నుంచి వేగంగా వచ్చే వాడికి ముందు మలుపు ఉందనీ, అక్కడ గేటు పడి ఉందనీ తెలియదు. సర్కారు తుమ్మలు అడ్డం ఉంటే అసలే కనబడదు. రాత్రి పూట వెనక లైటు లేని ట్రాలీ ఉంటే చెప్పనవసరం లేదు. తుమ్మలు కొట్టించి, తిరిగే బండ్లకు పక్కన విడిగా ఒక వరుస వెడల్పు చేసి, పెద్ద రోడ్డు మీదే ముందుగా ‘పక్కన రైల్వే గేటు’ అని చూపే బోర్డు పెట్టాలి. ట్రాలీలకు ఎర్ర రిఫ్లెక్టర్ పట్టీలు అంటించే పని కొనుగోలు కేంద్రాల దగ్గరే, తూకం సమయంలో చేయిస్తే సులువు.

లక్షణం: గేటు మరీ ఎక్కువసేపు పడి ఉంటుంది

58 వ్యాగన్ల బొగ్గు బండి ఇంజన్లతో కలిపి 700 మీటర్లకు దగ్గరగా ఉంటుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో అది గేటు దాటడానికి నిమిషం లోపే చాలు. సిగ్నల్ దగ్గర ఆగి, గంటకు 15 కిలోమీటర్ల వేగంతో కదిలితే మూడు నిమిషాలు కావాలి. అంటే రోడ్డు మీది బండ్లు సకాలంలో ఖాళీ చేయక రైలును ఆపితే, ఆ ఆలస్యం తిరిగి రోడ్డు మీదికే వచ్చి పడుతుంది. పైన చెప్పిన చౌరస్తా మరమ్మతులు చేస్తే గేటు సమయం కూడా కొంత తగ్గుతుందని నేను చెప్పడానికి కారణం ఇదే.

అయినా తగ్గని చోట వంతెన తప్పదు. రోజుకు వచ్చే రైళ్ల సంఖ్యను రోడ్డు బండ్ల యూనిట్లతో గుణించగా లక్ష దాటితే రైల్వే, రాష్ట్రం ఖర్చు పంచుకుని వంతెన కట్టడానికి అర్హత వస్తుందన్నది చాలాకాలంగా ఉన్న లెక్క. లారీ, బస్సు, కారు ఒక్కో యూనిట్, ఆటో అర, ద్విచక్ర వాహనం పావు. 60 రైళ్లు, 1,700 యూనిట్లు ఉంటే 1,02,000 అవుతుంది. లెక్కింపు ఏ నెలలో జరుగుతుందో కనుక్కోండి. వడ్లు, పత్తి కదలని నెలలో లెక్కిస్తే మీ గేటు అంకె తక్కువే వస్తుంది కాబట్టి, కొనుగోళ్లు సాగే రోజుల్లో లెక్కించమని రాతపూర్వకంగా కోరండి.

పై వంతెనకు బదులు అండర్ బ్రిడ్జి ఇస్తామంటే రెండు ప్రశ్నలు అడగాలి. నీళ్లు ఎటు పోతాయి? లారీ పడుతుందా? వరంగల్‌లో శివనగర్ వైపు అండర్ బ్రిడ్జి దాటేవారికి మొదటి ప్రశ్న విలువ వేరే చెప్పనవసరం లేదు. దిగే చోట రెండు వైపులా రోడ్డును చిన్న గట్టులా లేపి బయటి నీళ్లు లోపలికి రాకుండా ఆపాలి. అడుగున గుంత తవ్వి మోటారు పెట్టాలి, ఆ మోటారుకు కరెంటు పోయినప్పుడు నడిచే ఏర్పాటు ఉండాలి. ఇక ఎత్తు చాలని బ్రిడ్జి అయితే, ఎత్తైన బండ్లను ముందే ఆపడానికి అడ్డంగా కట్టే ఇనుప కమానును బ్రిడ్జి ముందు కాకుండా పెద్ద రోడ్డు మలుపు దగ్గరే పెట్టాలి. బ్రిడ్జి దాకా వచ్చిన లారీ వెనక్కి మళ్లాలంటే చౌరస్తా అంతా మళ్లీ ఆగిపోతుంది.

దరఖాస్తులో ఏం రాయాలి

‘గేటు దగ్గర ఇబ్బందిగా ఉంది’ అని రాస్తే కాగితం ఒక శాఖ నుంచి మరో శాఖకు తిరుగుతూనే ఉంటుంది. జిల్లా కలెక్టర్ అధ్యక్షతన ఉండే రోడ్డు భద్రతా కమిటీకీ, సికింద్రాబాద్ డివిజన్ రైల్వే మేనేజర్ కార్యాలయానికీ ఒకే కాగితం, ఒకే రోజు పంపి, రెండు శాఖల ఉమ్మడి తనిఖీ కోరండి. అందులో గేటు నంబరు, అడ్డకర్ర నుంచి పెద్ద రోడ్డు అంచు వరకు మీటర్లు, ఆ దారిలో వచ్చే అతి పొడవైన బండి కొలత, ఉదయం, సాయంత్రం గేటు ఎన్నిసార్లు ఎన్ని నిమిషాలు పడిందో వారం రోజుల పట్టిక ఉండాలి. గేటు మీద రాసి ఉన్న నంబరును ఫోటో తీసి జతచేయండి. తనిఖీ రోజున ఒక లోడు ట్రెయిలర్‌ను, దాని డ్రైవర్‌ను పిలిపించి, అధికారుల ముందే ఆ మూల తిప్పించండి.