కెమెరా సామాన్లలో కాపీ సరుకు: ఏది కొనొచ్చు, ఏది వద్దు, ఎలా పసిగట్టాలి

తిరుపతిలో పెళ్లిళ్ల సీజన్‌కు ముందు ఫొటోగ్రాఫర్లు కొనే చిట్టా దాదాపు ఒకేలా ఉంటుంది. రెండు అదనపు బ్యాటరీలు, నాలుగు మెమరీ కార్డులు, ఒక ఫ్లాష్ ట్రిగ్గర్ (కెమెరా నుంచి దూరంగా ఉన్న ఫ్లాష్‌ను వెలిగించే పరికరం), ఎక్కడో జారిపోయిన లెన్స్ క్యాప్. కౌంటర్ దగ్గర వినపడే మాటా ఒకటే: "ఒరిజినలా అన్నా, ఫస్ట్ కాపీ ఇచ్చేదా?" ఫస్ట్ కాపీ అని చెప్పి అమ్మే సరుకు నిజానికి మూడు రకాలు. ఒకటి పూర్తిగా చట్టబద్ధం, ఇంకొకటి నేరం, మూడోది మీ విచక్షణకు వదిలేసినది. ఏది ఏదో తేల్చుకోకుండా జేబులో చెయ్యి పెట్టకండి.

ముందు పేరు చూడండి

వస్తువు మీద ఎవరి పేరుంది? తయారు చేసినవాడు తన సొంత పేరు వేసుకుని, పక్కన "ఎల్‌పీ-ఈ6 బ్యాటరీ వాడే కెనాన్ కెమెరాలకు సరిపోతుంది" అని రాస్తే అది నకిలీ కాదు. 1999 ట్రేడ్ మార్క్స్ చట్టం సెక్షన్ 30(2)(డి) ఈ వెసులుబాటు ఇచ్చింది. ఒక విడిభాగమో, అనుబంధ వస్తువో దేనికి సరిపోతుందో చెప్పడానికి ఎంత అవసరమో అంతవరకు అవతలి కంపెనీ పేరు వాడుకోవచ్చు. కాకపోతే ఆ రెండింటికీ సంబంధం ఉందని కొనేవాడు పొరబడేలా ఉండకూడదు. కెమెరా మీద ఫ్లాష్ తగిలించే హాట్ షూ, ట్రైపాడ్ తల మీద ఉండే పావు అంగుళం స్క్రూ, 67, 77 మిల్లీమీటర్ల ఫిల్టర్ మరలు అందరూ పాటించే కొలతలు. వాటికి తగ్గట్టు చేసినంత మాత్రాన కాపీ కొట్టినట్టు కాదు. సోనీ అయితే 2011లో ఈ-మౌంట్ (లెన్స్‌ను కెమెరాకు బిగించే అమరిక) ప్రాథమిక వివరాలను ఫీజు లేకుండా ఇతర తయారీదారులకు తనే ఇచ్చింది. ఇలాంటి సరుకును మొహమాటం లేకుండా కొనండి. నాణ్యత ఒక్కటే చూసుకోవాలి.

రెండో రకంలో పేరే దొంగది. కెనాన్, నికాన్, సోనీ, శాన్‌డిస్క్ అని అచ్చువేసి, ఆ కంపెనీలతో ఏ సంబంధమూ లేకుండా అమ్మేవి. తప్పుడు ట్రేడ్‌మార్క్ వేయడం సెక్షన్ 103 కింద నేరం. అలాంటి సరుకు అమ్మడం, అమ్మకానికి దగ్గర ఉంచుకోవడం సెక్షన్ 104 కింద నేరం. రెండింటికీ శిక్ష 6 నెలల నుంచి 3 ఏళ్ల జైలు, 50 వేల నుంచి 2 లక్షల రూపాయల జరిమానా. సొంత వాడకానికి ఒకటి కొన్నవాడిని ఈ సెక్షన్లు శిక్షించవు. అయితే చాలామంది ఇక్కడే పొరపడతారు. చెన్నై వెళ్లినప్పుడు చవగ్గా దొరికాయని పది బ్యాటరీలు తెచ్చి, తోటి ఫొటోగ్రాఫర్లకు ఒక్కోదాని మీద వంద రూపాయలు వేసుకుని ఇచ్చారనుకోండి. మీరిక కొనుగోలుదారు కాదు, అమ్మకందారు. నకిలీ అని తెలిశాక పాత సామాన్ల యాప్‌లో పెట్టి వదిలించుకున్నా అంతే. నకిలీ అని అనుమానించే కారణమే లేదని, తగిన జాగ్రత్తలన్నీ తీసుకున్నానని, ఎవరి దగ్గర కొన్నానో చెప్పానని, ఇలాంటివి చూపించగలిగినవాడికి సెక్షన్ 104లో రక్షణ ఉంది. బిల్లు లేనివాడు ఏం చూపిస్తాడు?

లెన్స్ క్యాపులు, మెడ పట్టీల దగ్గర అందరూ చూసీచూడనట్టు పోతారు. వంద రూపాయలకు పెద్ద బ్రాండ్ అక్షరాలతో దొరికే 77 మిల్లీమీటర్ల క్యాపు అసలుది అయ్యే అవకాశం లేనట్టే. అదే కొలతలో ఏ అక్షరాలూ లేని క్యాపు అదే ధరకు దొరుకుతుంది, పనీ అదే చేస్తుంది. దాన్నే అడగండి. అక్షరాల కోసం దొంగ సరుకు కొనాల్సిన అవసరం లేదు.

మూడో రకం: పేరు సొంతది, రూపం అరువుది

కష్టమైన ప్రశ్న ఇదే. 2019లో చైనా కంపెనీ గోడాక్స్ వీ1 గుండ్రని తల ఫ్లాష్ తెచ్చినప్పుడు, అది తమ ఏ1 ఫ్లాష్‌ను పోలి ఉందని స్వీడన్ కంపెనీ ప్రొఫోటో బహిరంగంగానే అభ్యంతరం చెప్పింది. 2022లో తమ ఆర్ఎఫ్ మౌంట్‌కు సరిపోయే లెన్సుల విషయంలో పేటెంట్, డిజైన్ హక్కులకు భంగం కలిగిందని కెనాన్ అనడంతో, చైనా లెన్సుల కంపెనీ విల్ట్రాక్స్ వాటి అమ్మకం ఆపేసింది. 2024లో సిగ్మా, టామ్రాన్ అదే మౌంట్‌కు కెనాన్ లైసెన్సుతోనే లెన్సులు ప్రకటించాయి. 2021లో తమ చిన్న భుజం సంచిని అమెజాన్ బేసిక్స్ దాదాపు అలాగే దించేసిందని కెమెరా సంచుల కంపెనీ పీక్ డిజైన్ వీడియో పెట్టింది.

మన దేశంలో పేటెంట్ దరఖాస్తు తేదీ నుంచి 20 ఏళ్లు ఉంటుంది. 2000 డిజైన్స్ చట్టం కింద రిజిస్టర్ చేసిన రూపానికి 10 ఏళ్లు, పొడిగిస్తే ఇంకో 5 ఏళ్లు రక్షణ. రిజిస్టర్ చేయని రూపానికి ఈ చట్టం అడ్డుపడదు. వేరే దేశంలో మాత్రమే ఉన్న పేటెంట్ ఇక్కడ చెల్లదు. చాలామంది గమనించని సంగతి ఒకటుంది: పేటెంట్ చట్టం సెక్షన్ 48 ప్రకారం తయారీ, అమ్మకం, దిగుమతితో పాటు వాడకం కూడా హక్కుదారుడి చేతిలోదే. అది సివిల్ వివాదం. ఒక ట్రిగ్గర్ కొనుక్కున్న చిత్తూరు ఫొటోగ్రాఫర్ మీద ఎవరూ కేసు వేయడానికి రారు. కానీ టోకున దిగుమతి చేసుకోవాలనుకునేవాళ్లు లాయర్‌ను అడగకుండా డబ్బు పెట్టొద్దు.

చట్టం ఊరుకున్నచోట మన బుద్ధి పనిచేయాలి. ఏళ్లుగా మార్కెట్లో ఉండి, ఎవరి పెట్టుబడి వాళ్లకు తిరిగి వచ్చేసిన వస్తువుకు చవక రూపం వస్తే కొనడంలో తప్పు లేదు. కెనాన్ 50 ఎంఎం ఎఫ్/1.8 రెండో వెర్షన్ 1990 నాటిది. దాన్ని పోలిన లెన్సును చైనా కంపెనీ యోంగ్నూవో తన పేరుతో తెచ్చింది రెండు దశాబ్దాలు దాటాకే. అదే, ఒకటి రెండు వస్తువుల మీదే బతికే చిన్న తయారీదారు నిరుడు తెచ్చిన క్లిప్పునో, సంచినో కుట్టు వరుసలతో సహా దించేసిన సరుకైతే వద్దు. ఆ చిన్నవాడు మూతబడితే రేపు కొత్తది కనిపెట్టేవాడు ఉండడు. మన ఊళ్లో ఒకడి ఆల్బమ్ డిజైన్‌ను ఇంకో స్టూడియో ఎత్తుకుపోతే మనకెంత మండుతుందో, వాళ్లకూ అంతే మండుతుంది.

అన్నట్టు, గ్రే మార్కెట్ సరుకును నకిలీతో కలపకండి. అది అసలు కంపెనీ చేసిందే, వేరే దేశపు మార్కెట్‌ది. శాంసంగ్ కేసులో 2012లో ఢిల్లీ హైకోర్టు డివిజన్ బెంచ్ అలాంటి దిగుమతిని తప్పుపట్టలేదు. ఇక్కడి కంపెనీ వారంటీ మాత్రం దానికి సాధారణంగా రాదు.

కొట్లో చూడాల్సినవి

డబ్బా వెనుక తయారీదారు లేదా దిగుమతిదారు పేరు, చిరునామా, ఏ దేశంలో తయారైంది, నెల, సంవత్సరం, ఎంఆర్‌పీ, కస్టమర్ కేర్ వివరాలు ఉండాలి. 2011 ప్యాకేజ్డ్ కమోడిటీస్ నిబంధనల ప్రకారం ఇవి తప్పనిసరి. దిగుమతిదారు పేరు లేని "ఒరిజినల్" విదేశీ బ్యాటరీ దగ్గరే ఆగిపోండి.

లిథియం బ్యాటరీలకు భారత ప్రమాణాల సంస్థ (బీఐఎస్) రిజిస్ట్రేషన్ తప్పనిసరి. మార్కుతో పాటు ఐఎస్ 16046, ఆర్ అక్షరం తర్వాత ఎనిమిది అంకెలు ఉంటాయి. ఫోన్‌లో బీఐఎస్ కేర్ యాప్ తెరిచి ఆ ఆర్ నంబర్ కొట్టండి. తయారీదారు పేరు, బ్రాండు, వస్తువు రకం వస్తాయి. డబ్బా మీదున్న బ్రాండుతో అవి కలవాలి. నంబర్ దొరికింది కదా అని అక్కడితో వదిలేయకండి. వేరే కంపెనీ నంబర్ దించుకుని అచ్చేసేవాళ్లున్నారు. యాప్‌లో వచ్చిన పేరు చదివితేనే అది బయటపడుతుంది.

బిల్లులో "బ్యాటరీ - 1" అని రాస్తే ఎందుకూ పనికిరాదు. బ్రాండు, మోడల్, సీరియల్ నంబర్ ఉంటే అదీ రాయించండి. జీఎస్టీ నంబర్‌లో 15 అక్షరాలుంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. మనది 37. చెన్నై రిచీ స్ట్రీట్‌లో కొంటే 33, బెంగళూరు ఎస్పీ రోడ్డులో కొంటే 29 ఉండాలి. జీఎస్టీ పోర్టల్‌లో ఆ నంబర్ వెతికితే కొట్టు పేరు వస్తుంది. "బిల్లు వద్దంటే రెండొందలు తగ్గిస్తా" అనే బేరానికి ఒప్పుకుంటే, తర్వాత ఫిర్యాదు చేయడానికి చేతిలో ఆధారం ఉండదు. జీఎస్టీ కింద నమోదైన స్టూడియో అయితే ఇన్‌పుట్ క్రెడిట్ (కొన్నప్పుడు కట్టిన పన్నును సర్దుకునే వీలు) కూడా పోతుంది.

ఆన్‌లైన్‌లో అయితే బ్రాండు పేరు కన్నా అమ్మకందారు పేరు ముఖ్యం. పార్సిల్ సీల్ కనపడేలా మొదలుపెట్టి, సీరియల్ నంబర్ చదివేదాకా మధ్యలో ఆపకుండా వీడియో తీయండి.

ఇంటికొచ్చాక బ్యాటరీ పరీక్ష

ముందు బ్యాటరీ సామర్థ్యం చెప్పే ఎంఏహెచ్ అంకె చూడండి. కెనాన్ ఎల్‌పీ-ఈ6ఎన్‌హెచ్ 2130, నికాన్ ఈఎన్-ఈఎల్15సి 2280, సోనీ ఎన్‌పీ-ఎఫ్‌జెడ్100 కూడా 2280. అదే సైజు డబ్బాలో అసలు కంపెనీలే అక్కడ ఆగిపోతే, 3000 అని రాసినదాన్ని నమ్మడానికి లేదు. తర్వాత తూకం. ఈ బ్యాటరీలు సుమారు 80 గ్రాములుంటాయి. గ్రాము తేడా చూపే కాటా మీద అసలుదాన్నీ కొత్తదాన్నీ పక్కపక్కన తూచండి. పది, పదిహేను గ్రాములు తక్కువుంటే లోపల చిన్న సెల్లులున్నట్టే.

పూర్తిగా ఛార్జ్ చేశాక మల్టీమీటర్ పుల్లలు ప్లస్, మైనస్ కాంటాక్టులకు ఆనించండి, పుల్లలు ఒకదానికొకటి తగలనివ్వకండి. లోపల రెండు సెల్లులు వరుసగా ఉంటాయి, ఒక్కోటి 4.2 వోల్టుల దగ్గర నిండుతుంది. అందుకని 8.2 నుంచి 8.4 మధ్య చూపాలి. 8.5 దాటితే ఛార్జర్ ఆపాల్సిన చోట ఆపడం లేదని అర్థం, ఆ ఛార్జర్‌ను ఇక వాడొద్దు. చవక డూప్లికేట్ ఛార్జర్లలో ఈ లోపమే ప్రమాదం తెస్తుంది.

అసలు బ్యాటరీతో ఒకసారి, కొత్తదానితో ఒకసారి, అదే సెట్టింగులో ఫుల్ హెచ్‌డీ వీడియో కెమెరా ఆగిపోయేదాకా తీయండి. కొత్తది అసలుదాని సమయంలో 70 శాతం కూడా రాకపోతే వెనక్కిచ్చేయండి. మర్నాడు బ్యాటరీని గాజు పలక మీద పడుకోబెట్టి వేలితో మూలలు నొక్కండి. అటూ ఇటూ ఊగితే ఉబ్బింది. ఉబ్బినదాన్ని కెమెరాలో పెడితే అరలోనే ఇరుక్కుపోతుంది, లాగి తీయడంలో తలుపు విరుగుతుంది. ఇలాంటి నష్టానికి కెమెరా వారంటీ సాధారణంగా వర్తించదు. అలిపిరి దగ్గర ఎండలో ఆపిన కారులో అసలు బ్యాటరీలే ఉంచకూడదు, ఇలాంటివి అసలే ఉంచొద్దు.

కెమెరా "ఈ బ్యాటరీ మీద కెనాన్ లోగో ఉందా?" అని అడిగితే, అది బ్యాటరీ చిప్‌తో మాట కలవక వచ్చిన హెచ్చరిక. సొంత పేరుతో చేసిన బ్యాటరీకి ఇది రావచ్చు, కంగారు పడనక్కర్లేదు. కానీ మీ బ్యాటరీ మీద ఆ లోగోనే ఉండి ఈ ప్రశ్న వచ్చిందంటే, అది దాదాపు నకిలీయే.

మెమరీ కార్డు: పూర్తిగా నింపకుండా నమ్మొద్దు

ఎక్కువ నష్టం చేసేది నకిలీ కార్డే. లోపల ఉన్నది 8 జీబీ చిప్. దాని కంట్రోలర్‌ను మార్చి 128 అని చెప్పేలా చేస్తారు. కెమెరా ఆ మాటే నమ్ముతుంది. కొట్లో తీసిన పది ఫొటోలు చక్కగా వస్తాయి. 8 జీబీ నిండాక వచ్చేవి పాతవాటి మీద పడతాయి, లేదా ఎక్కడా పడకుండా పోతాయి. ఫైల్ పేర్లు మాత్రం వరుసగా కనపడుతూనే ఉంటాయి. స్నాతకం ఫొటోలు బాగానే ఉంటాయి, మాంగల్యధారణ ఫైలు తెరిస్తే బూడిదరంగు పట్టీ. ఆ ముహూర్తం మళ్లీ రాదు. మూడొందల మిగులు మనది, నష్టం ఆ పెళ్లివాళ్లది. అందుకే నకిలీ కార్డు కొనడం సొంత డబ్బుతో చేసే జూదం అనడానికి కూడా వీల్లేదు.

పరీక్ష తేలికే. కార్డు ఖాళీ చేసి, యూఎస్‌బీ 3 రీడర్‌లో పెట్టండి. విండోస్‌లో హెచ్2టెస్ట్‌డబ్ల్యూ, మ్యాక్ లేదా లినక్స్‌లో ఎఫ్3 ఉచితంగా దొరుకుతాయి. కార్డు మొత్తం నింపి, మళ్లీ చదివి సరిచూడమని ఆదేశించండి. సెకనుకు 60 ఎంబీ వేగంతో 64 జీబీ నిండడానికి 18 నిమిషాలు పడుతుంది, చదవడానికి ఇంకొంత. ఒక్క తప్పు చూపినా ఆ కార్డుతో పెళ్లికి పోవద్దు. 64 జీబీ కార్డు విండోస్‌లో 59 చిల్లర చూపడం మామూలే, అది మోసం కాదు. రాసే వేగం కూడా గమనించండి. వీ30 అని ఉంటే సెకనుకు కనీసం 30 ఎంబీ నిలబడాలి. 12 దగ్గర ఊగిసలాడుతుంటే ఆ గుర్తు అబద్ధం.

మోసపోయారని తేలితే

వస్తువు, డబ్బా, సీల్ ముక్కలు పారేయకండి. పరీక్ష ఫలితాల తెరను ఫొటో తీయండి. బ్రాండు సర్వీసు కేంద్రానికి సీరియల్ నంబర్ పంపి, అది తమది కాదని ఈమెయిల్‌లో రాయించుకోండి. తర్వాత అమ్మకందారుకు వాట్సాప్‌లోనైనా సరే రాతపూర్వకంగా, గడువు పెట్టి డబ్బు అడగండి. స్పందన లేకపోతే జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేసి ఫిర్యాదు నంబర్ తీసుకోండి. అక్కడా తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్, ఈ-జాగృతి పోర్టల్‌లో దాఖలు చేయొచ్చు. 5 లక్షల లోపు కొనుగోలుకు ఫీజు లేదు, గడువు 2 ఏళ్లు. చెన్నైలో కొన్నా మీరుండే తిరుపతిలోనో చిత్తూరులోనో వేయొచ్చు. "నువ్వు వ్యాపారానికి కొన్నావు, వినియోగదారుడివి కావు" అని అవతలివాళ్లు వాదిస్తారు. స్వయం ఉపాధితో పొట్టపోసుకోవడానికే కొన్నదాన్ని 2019 వినియోగదారుల రక్షణ చట్టం వ్యాపార అవసరంగా లెక్కించదు. ఒంటరిగా స్టూడియో నడుపుకునేవాళ్లు ఆ మాట ఫిర్యాదులోనే రాయాలి.

అదే వ్యాపారి చాలామందికి అంటగడుతున్నాడని తెలిస్తే పోలీసులకు రాసివ్వండి. మోసం భారతీయ న్యాయ సంహిత సెక్షన్ 318 కిందికి వస్తుంది.

వ్యవహారం ముగిశాక నకిలీ బ్యాటరీ కాంటాక్టుల మీద టేపు అంటించి ఈ-వేస్ట్ తీసుకునేవాళ్లకు ఇవ్వండి, చెత్తబుట్టలో వేయొద్దు. కార్డును మధ్యకు విరిచేయండి. "తక్కువ పనికి వాడుకుంటాడులే" అని అసిస్టెంట్ కుర్రాడి చేతిలో పెట్టకండి.