అమెరికా పెరట్లో గోంగూరను జింకల నుంచి కాపాడుకోవడం ఎలా?

న్యూజెర్సీ, పెన్సిల్వేనియా, వర్జీనియాల్లో గోంగూర, బెండ, చిక్కుడు వేసిన పెరడు తెల్లతోక జింకకు విందు భోజనమే.

ముందు తిన్నదెవరో తేల్చుకోండి. జింకకు పైదవడలో ముందుపళ్లు ఉండవు. ఆకును పట్టి లాగుతుంది కాబట్టి కొమ్మ చివర పీచులుగా చిరిగి ఉంటుంది. నేలకు దగ్గరగా, కత్తితో ఏటవాలుగా కోసినట్టు తెగితే అది కుందేలు. దానికి రెండడుగుల సన్నకన్నాల వల చాలు.

జింకైతే డబ్బు కంచె మీదే పెట్టండి. నల్ల పాలీప్రొపిలీన్ (గట్టి ప్లాస్టిక్) వల 8 అడుగుల ఎత్తు ఉండాలి. 10 అడుగుల గుంజలు తెచ్చి రెండడుగులు పాతండి, గుంజకూ గుంజకూ మధ్య 10 నుంచి 15 అడుగులు. చాలామంది పొరపాటు చేసేది కింది అంచు దగ్గరే. సందు దొరికితే జింక దూకే శ్రమ పడదు, కింద నుంచే దూరుతుంది. అందుకే వలను మరో అరడుగు బయటికి మడిచి, మూడు నాలుగు అడుగులకో మేకు దిగ్గొట్టాలి. నల్లవల దానికి కనబడదు, గుద్దుకుని చింపేస్తుంది. మొదటి నెల నాలుగడుగుల ఎత్తున తెల్లగుడ్డ పీలికలు కట్టండి. గేటూ అంతే ఎత్తుండాలి. ఆరడుగులు దాటితే చాలా టౌన్లలో, హెచ్‌ఓఏల్లో (కాలనీ ఇళ్ల యజమానుల సంఘాల్లో) అనుమతి కావాలి, వల కొనకముందే అడగండి. ఒప్పుకోకపోతే నాలుగైదు అడుగుల కంచెలు రెండు, నాలుగడుగుల ఎడంతో వేయండి. ఎత్తూ వెడల్పూ ఒకేసారి దాటడానికి జింక జంకుతుంది.

గులాబీ, హోస్టా (నీడలో పెరిగే ఆకుల మొక్క) లాంటి అలంకార మొక్కలకు, జింకను దూరం పెట్టే గుడ్డు నీళ్లు పనికొస్తాయి. మూడు గుడ్లు గిలక్కొట్టి, గాలన్ (3.8 లీటర్లు) నీళ్లలో కలిపి, గుడ్డలో వడకట్టాలి. లేకపోతే స్ప్రే ముక్కు పూడుకుపోతుంది. చిగురు వేయగానే మొదలుపెట్టి రెండు మూడు వారాలకోసారి, వాన పడ్డాక మళ్లీ కొట్టండి. కొత్త చిగురుకు పాత మందు అంటదు కదా! కోసుకు తినే గోంగూర, తోటకూరల మీద మాత్రం వద్దు. వాటికి కంచే దిక్కు.

లేత పండ్లచెట్లుంటే ఆగస్టు చివరికల్లా కాండం చుట్టూ ఐదడుగుల ఇనుప వల చుట్టండి. శరదృతువులో మగజింకలు కొమ్ములతో రుద్దుతాయి. బెరడు చుట్టూతా ఊడితే చెట్టు చచ్చినట్టే.

ఇక మందల సంగతి. ఈ రాష్ట్రాల్లో జింకల్ని వేటాడే తోడేళ్లు, కూగర్లు (పెద్ద అడవి పిల్లులు) ఎప్పుడో పోయాయి. మంచి మేత దొరికిన ఆడజింక సాధారణంగా కవలల్ని ఈనుతుంది. ఒక మగది ఎన్నో ఆడవాటితో కలుస్తుంది గనుక కొమ్ములున్నవాటినే వేటాడితే లెక్క తగ్గదు, ఆడవి తగ్గాలి. అది రాష్ట్రం లైసెన్సుతో, వేట కాలంలో జరగాల్సిన పని. 2009లో అమెరికా పర్యావరణ సంస్థ ఆమోదించిన గోనాకాన్ అనే గర్భనిరోధక సూది ఉంది గానీ, ప్రతి ఆడజింకనూ పట్టి వేయాలి. తిరిగే మందలకు అది కుదిరే పని కాదు. పట్టి వేరేచోట వదిలితే చాలా చస్తాయి, రోగాలూ పాకుతాయి.

మీ చేతిలో ఉన్నది వాటికి మేత అందకుండా చూడటం. రాలిన ఆపిల్ పళ్లు ఏరేయండి, పక్షుల గింజల డబ్బాను అందనంత ఎత్తున కట్టండి.